సగటు చాటున దాగిన పల్లె

(విద్యార్థుల, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమకాలంలో మనల్ని తిట్టినోళ్లకన్నా లెక్కలు చెప్పినోళ్లే ఎక్కువ నష్టం చేసిండ్రు. తిట్టుకు జవాబు మనకు తెలుసు. కానీ సంపాదకీయం పేజీలో ఒక పెద్దమనిషి పట్టిక గీసి, తెలంగాణ తలసరి ఆదాయం తక్కువేం కాదు, వెనుకబాటు ఉత్తమాట అని రాస్తే మన పిల్లలు కూడా ఒక్క క్షణం నిజమేనేమో అనుకున్నరు. ఆ అంకె అబద్ధం కాదు. అందుకే అది మరింత ప్రమాదం.

ఒక ఊరు అనుకుందాం. వంద ఇండ్లు. దొరకు రెండువందల ఎకరాలు. మిగిలిన తొంభై తొమ్మిది ఇండ్లకు గుంట జాగ లేదు. సగటు తీస్తే ఇంటికి రెండెకరాలు! లెక్కలో తప్పు లేదు. మరి కూలికి పోయేటోని చేతిలో ఆ రెండెకరాల పట్టా ఏది?

తెలంగాణ సగటులో ఆ దొర హైదరాబాదు. ఈ మాట అంటే, సరే, హైదరాబాదును తీసేసి చూపిస్తం అన్నరు. 2010 డిసెంబరు 30న ఇచ్చిన శ్రీకృష్ణ కమిటీ నివేదికలో అట్లాంటి లెక్కలున్నయి. వాటిని పట్టుకొని వ్యాసాలు వచ్చినయి. కానీ తీసేసింది ఏంది? 217 చదరపు కిలోమీటర్ల హైదరాబాదు జిల్లా మాత్రమే. మాదాపూర్, గచ్చిబౌలి, జీడిమెట్ల, శంషాబాద్ విమానాశ్రయం అప్పటి రంగారెడ్డి జిల్లాలో ఉన్నయి. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు మెదక్ జిల్లాలో ఉన్నయి. నగరం పేరు తీసేసిండ్రు, నగరం సంపాదన లెక్కలనే ఉంచిండ్రు.

ఇంకో కిటుకు శాతం. ఎకరం తడిసిన కాడ రెండెకరాలు తడిస్తే నూరు శాతం పెరుగుదల. వెయ్యి ఎకరాలు తడిసిన కాడ ఇంకో రెండువందలు కలిస్తే ఇరవై శాతమే. నీళ్లు ఎవరికి ఎక్కువ దక్కినట్టు? పైగా తెలంగాణలో సాగునీరు పెరిగిందని చూపిన పట్టికలో రైతు అప్పు చేసి తవ్వుకున్న బావులు, వేసుకున్న బోర్లు ఉన్నయి. సర్కారు తవ్విన కాలువ, ఇల్లాలి పుస్తెలు కుదువబెట్టి వేసిన బోరు ఒకే వరుసలో కూడితే అది ఎవరి అభివృద్ధి?

రాజోలిబండ కింద కాగితం మీద 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాలు. కేటాయింపునే వాడకమన్నట్టు రాసినోళ్లు అలంపూర్ దిక్కు చివరి పొలం దాకా ఒక్కసారన్నా నడిచిండ్రా?

సరే, 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కాకి లెక్కలు పోయినయా? 2016 అక్టోబరులో జిల్లాలు విడదీస్తే పాత రంగారెడ్డి నుంచి తాండూరు, పరిగి వికారాబాద్ జిల్లాలోకి పోయినయి. ఇప్పుడు సర్కారు లెక్కల్లోనే రంగారెడ్డి తలసరి ఆదాయం వికారాబాద్‌కు నాలుగు రెట్లకు పైన. విడదీసే దాకా తాండూరు కూలీ కూడా సంపన్న జిల్లా మనిషే! గీత మారంగనే అతని బతుకు మారలేదు. దాచిన పేదరికం బయటపడ్డది, అంతే.

ఈనాడు తలసరి ఆదాయంలో దేశంలోనే ముందున్నమని మనోళ్లే వ్యాసాలు రాస్తుండ్రు. అంకె నిజమే కావచ్చు. కానీ తలసరి ఆదాయం అంటే జేబులో పడిన పైసలు కాదు. మొత్తం ఉత్పత్తి విలువను తలలతో భాగిస్తే వచ్చేది. ఐటీ కంపెనీ రాబడిలో పరిగి కూలీకి కాగితం మీద వాటా పడుతది, ఇంట్లో పడదు. ఆనాడు పరాయోళ్లు చెప్పిన సగటును నిలదీసి, ఈనాడు మన సగటుకు చప్పట్లు కొడితే, మనం కొట్లాడింది న్యాయం కోసం కాదు, కుర్చీ కోసమే అయితది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఏ వ్యాసంలో అంకె కనబడినా మూడు మాటలు అడుగుండ్రి. ఎవరిని కలిపిండ్రు? ఎక్కడి నుంచి మొదలుపెట్టిండ్రు? ఎవరి ఖర్చు ఎవరి ఖాతాలో రాసిండ్రు? ఉద్యోగ మిత్రులారా! మండల ఆఫీసులో ఆ పట్టికలు నింపేది మీరే. జిల్లా సగటు అడిగినోళ్లకు మండలాల లెక్క కూడా జతచేసి పంపుండ్రి. పల్లె కనబడని లెక్కను మనది అనొద్దు, మనోళ్లు రాసినా సరే.

జై తెలంగాణ!