అడవి – అల్లాహ్ అప్పగించిన అమానత్

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై అల్లాహ్ కారుణ్యం, శాంతి కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ మానవుణ్ణి భూమిపై తన ప్రతినిధిగా నియమించాడు. ప్రతినిధి యజమాని కాడు. అప్పగించిన దానిని వాడుకునే అనుమతి అతనికి ఉంది గాని, పాడుచేసే హక్కు లేదు. మింబరు మీది నుంచి ఈ మాట మీరు ఎన్నోసార్లు విన్నారు. ఈ జుమా నాడు దానిని ఒక రాష్ట్రపు లెక్కల పుస్తకంలో పెట్టి చూద్దాం.

ఇండోనేషియాలో, బోర్నియో దీవిపై తూర్పు కాలిమంతాన్ అనే రాష్ట్రం ఉంది. మహకామ్ నది ఒడ్డున ఉన్న సమరిందా దాని రాజధాని. అక్కడి ప్రజల్లో అత్యధికులు ముస్లిములు. చమురు, బొగ్గు, కలప, పామాయిల్ – ఆ రాష్ట్రం ఎదిగింది వీటితోనే. 2010లో అక్కడి ప్రభుత్వం, కర్బన ఉద్గారాలను తగ్గించుకుంటూనే ఎదిగే దారి వెదకడానికి పూనుకున్నది. లెక్క కట్టి చూస్తే, అక్కడి నుంచి గాలిలో చేరే కర్బనంలో సింహభాగం పొగగొట్టాల నుంచి కాదు, నరికిన అడవి నుంచి, ఎండగట్టిన చిత్తడి నేలల నుంచి వస్తున్నదని తేలింది. కనుక అక్కడ అభివృద్ధి ప్రణాళిక అంటే ముందుగా అడవి ప్రణాళికే.

ఆ చిత్తడి నేలల స్వభావం తెలుసుకోవాలి. వేల సంవత్సరాలుగా రాలిన ఆకులు, కూలిన మానులు నీటిలో నాని, పూర్తిగా కుళ్లకుండా పేరుకుని ఆ నేల ఏర్పడింది. తోటల కోసం కాలువలు తవ్వి నీరు తీసివేస్తే అది పిడకలా ఎండుతుంది. అప్పుడు నిప్పు పెడితే చెట్టే కాదు, నేలే కాలుతుంది. మంట పైకి కనిపించదు, లోలోపల వారాల తరబడి రాజుకుంటూ ఉంటుంది. 2015లో సుమత్రా, కాలిమంతాన్ ప్రాంతాలలో ఇలాగే నిప్పు చెలరేగి, ఇండోనేషియాలో సుమారు 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. పొగ సింగపూరు, మలేషియాల దాకా కమ్మింది. బడులు మూతపడ్డాయి.

మరుసటి సంవత్సరం, 2016లో, ఇండోనేషియా ఉలమా మండలి ఒక ఫత్వా వెలువరించింది. ఇతరులకు హాని, పర్యావరణానికి నష్టం కలిగేలా అడవిని, భూమిని తగులబెట్టడం హరామ్ అని ప్రకటించింది. అంతటితో ఆగలేదు. అందుకు తోడ్పడటం, చూస్తూ ఊరుకోవడం, దాని వల్ల లాభం పొందడం కూడా హరామ్ అన్నది. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి. మళ్లీ దాని దగ్గరికి రావాలి.

సోదరులారా! అడవిని కాపాడటమనే మాట మన ధర్మానికి కొత్త కాదు. దైవప్రవక్త (సఅసం) మదీనా పరిసరాలను హరమ్‌గా ప్రకటించి, అక్కడి చెట్లను నరకరాదని ఆజ్ఞాపించారు. ప్రజావసరం కోసం హద్దులు పెట్టి కాపాడే పచ్చిక నేలకు ‘హిమా’ అని పేరు. హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో అటువంటి హిమాకు హునయ్య్ అనే సేవకుణ్ణి కావలి ఉంచి, ఒక విచిత్రమైన ఉపదేశం చేశారని సహీహ్ బుఖారీలో ఉంది. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోనికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి) గార్ల మందలను మాత్రం దూరంగా ఉంచమన్నారు. వారిద్దరూ స్వర్గ శుభవార్త పొందిన మహనీయులే, కాని సంపన్నులు. వారి పశువులు చనిపోతే వారికి తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాని పశువు చస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకుని ఖలీఫా వాకిట నిలుస్తాడు. అప్పుడు ఖజానా నుంచి బంగారం, వెండి తీసి ఇవ్వడం కన్నా ఇప్పుడు గడ్డి, నీరు ఇవ్వడమే తేలిక అని ఆయన వివరించారు.

ఈ కొలబద్దతోనే కాలిమంతాన్ ప్రణాళికను చూడాలి. 2020లో ప్రపంచ బ్యాంకు అటవీ కర్బన నిధితో ఒప్పందం కుదిరింది. 2025 నాటికి 2 కోట్ల 20 లక్షల టన్నుల ఉద్గారాలు తగ్గిస్తే 11 కోట్ల డాలర్ల వరకు చెల్లిస్తామన్నారు. టన్నుకు 5 డాలర్లు. తొలి విడతగా 2 కోట్ల 9 లక్షల డాలర్లు 2022 నవంబరులో అందాయి. ఆ సొమ్ములో గ్రామాలకు, తరతరాలుగా అడవిలో బ్రతికే ఆదివాసులకు వాటా ఉండాలని నియమం పెట్టుకున్నారు. ఇది మంచి నియమం. అయితే టన్నుకు 5 డాలర్లు న్యాయమైన వెల అని నేననను. 1,600 కోట్ల నష్టం పక్కన 11 కోట్లు ఎంత? పైగా ఆ రాష్ట్రం తవ్వి ఎగుమతి చేసే బొగ్గు ఈ లెక్కలోకి రాదు. అది కాలేది మరో దేశంలో గనుక పొగ ఆ దేశపు ఖాతాలో పడుతుంది. పోడు కొట్టే పేదను అడవి దాటించి, వేల హెక్టార్ల తోటల యజమానిని లోపల ఉంచితే అది హజ్రత్ ఉమర్ (రజి) ఉపదేశానికి తలకిందులు.

ఎక్కడి బోర్నియో, ఎక్కడి మనం అంటారేమో! ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది మన దేశం. అందరికన్నా ఎక్కువ పండించేది ఇండోనేషియా. ఓడల్లో వచ్చిన ఆ నూనె కాకినాడలో శుద్ధి అయి మన కిరాణా కొట్లకు చేరుతుంది. ఆ దేశపు బొగ్గు కృష్ణపట్నం రేవులో దిగి మన ఇళ్లకు కరెంటై వస్తుంది. ఇప్పుడు ఆ ఫత్వాలోని చివరి మాట తలచుకోండి. పామాయిల్ హరామ్ అని నేను చెప్పడం లేదు. అలా చెప్పడం నా స్థాయి కాదు, అది నిజమూ కాదు. కష్టపడి, అడవి జోలికి పోకుండా పండించే రైతులు ఎందరో ఉన్నారు. కాని కాల్చిన అడవి మీద పండినదేదో, కాల్చనిదేదో అడగనైనా అడగకుండా కొనేవాడు, లాభం పొందేవారికి ఎంత దూరంలో ఉన్నట్టు?

మన జమాఅత్‌లో నూనె టోకు వ్యాపారులున్నారు, హోటళ్లు నడిపేవారున్నారు. అడవి నరకకుండా పండించిన నూనెకు ధ్రువపత్రాలుంటాయి. వాటిని సరఫరాదారుని అడగండి. ఒకరు అడిగితే నవ్వుతాడు, పదిమంది అడిగితే కాగితం తెస్తాడు. ఇఫ్తార్ విందులలో సమోసాలకు మరిగించి, మిగిలింది కాలువలో పారబోసే నూనె సంగతి మస్జిదు కమిటీలు చూడాలి. ఖాళీ మస్జిదులో తిరిగే ఫ్యాన్లు, వెలిగే దీపాల సంగతి ముఅజ్జిన్‌కు వదిలేయకుండా చివర బయటికి వెళ్లేవారే చూడాలి.

ఓ అల్లాహ్! అడవిని నమ్ముకుని బ్రతికే పేదల హక్కు మా కొనుగోళ్ల వలన పోనివ్వకు. మా ఉపాధిని హలాల్ చేయి, దాని మూలాన్ని అడిగి తెలుసుకునే ఓపికను మాకు ప్రసాదించు. ఆమీన్.