వీధి అరుగు మీద పెట్టకూడని కాగితాలు

(సంఘాల వెబ్‌సైట్లు చూసుకునే యువతీయువకుల శిక్షణలో చేసిన ప్రసంగం)



ఈ రోజు ఒక్క సంగతే మాట్లాడతాను: సర్వర్‌లో ఏ ఫైలు ఎక్కడ ఉంచాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మనల్ని నమ్మి కాగితాలిచ్చినవాళ్ళ క్షేమం దీనిమీదే ఉంది.

కొన్నేళ్ళ కిందట నేనొక సైటు తయారుచేశాను. కూలి డబ్బులు అందనివాళ్ళు తెలుగులో రాసిన అర్జీలు, కన్నడలో ఇచ్చిన కుల ధ్రువపత్రాలు స్కాన్ చేసి అందులో పెట్టేవారు. లాగిన్ ఉంది కదా, భద్రమే అనుకున్నాను. ఒకరోజు ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, అడ్రసు చివర అప్‌లోడ్స్ అని కొడితే అందరి కాగితాలూ వరసగా కనిపిస్తున్నాయి. నేనెవరి మీద ఫిర్యాదు చేశానో అదీ ఉంది" అంది. తప్పు నాదే. పాస్‌వర్డ్ పేజీకి పెట్టాను, ఫైళ్ళకు పెట్టలేదు.

వెబ్ సర్వర్‌కు ఒక ఫోల్డర్ చూపించి, ఇందులోవి అడిగినవాళ్ళకు ఇవ్వు అని చెబుతాం. అదే డాక్యుమెంట్ రూట్. అది ఇంటి ముందు వీధి అరుగు లాంటిది. అక్కడ పెట్టినది దారినపోయే ఎవరైనా తీసి చూడొచ్చు.

కాబట్టి మొదటి పని, అప్లికేషన్ మొత్తాన్ని రూట్ చేయకండి. లారవెల్‌లో 'పబ్లిక్' ఫోల్డర్ ఉన్నది ఇందుకే. రూట్ అక్కడికే చూపించాలి. ఒక మెట్టు పైకి చూపిస్తే, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే 'డాట్ ఈఎన్‌వీ' ఫైలు కూడా బయటపడే ప్రమాదముంది.

రెండు, ప్రజల కాగితాలు రూట్ బయట వేరే ఫోల్డర్‌లో ఉంచండి. అడిగింది ఎవరో, వాళ్ళకు హక్కుందో లేదో చూశాకే అప్లికేషన్ వాటిని తెచ్చివ్వాలి.

మూడు, ఫైళ్ళ జాబితా చూపడం ఆపండి. అపాచీలో 'ఆప్షన్స్' వరుసలో 'ఇండెక్సెస్' ముందు మైనస్ గుర్తు పెడితే చాలు. అయితే జాబితా ఆగినంత మాత్రాన ఫైలు దాగదు. పేరు తెలిసినవాడు తెరుస్తాడు.

'డాట్ హెచ్‌టీయాక్సెస్' పెట్టాం కదా అనే ధీమా కూడా వద్దు. అపాచీ 2.4లో 'అలౌ ఓవర్‌రైడ్' మనం మార్చకపోతే 'నన్' అనే ఉంటుంది. అప్పుడు ఆ ఫైలు పనిచేయదు. ఇంజిన్ఎక్స్ అయితే దాన్ని అసలు చదవదు.

నాలుగు, అప్‌లోడ్ కాకపోతే తొందరపడి 777 అనుమతి ఇవ్వకండి. ఆ సర్వర్‌లో ఏ యూజరైనా అందులో రాయగలడు. ఉబుంటులో అపాచీ 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా' అనే యూజర్ పేరుతో నడుస్తుంది. రాసే అనుమతి దానికే, ఆ ఒక్క ఫోల్డర్‌లోనే ఇవ్వండి.

చివరగా పరీక్ష. లాగిన్ కాకుండా వేరే ఫోన్‌లో ఒక ఫైలు అడ్రసు నేరుగా కొట్టండి. 403 గానీ 404 గానీ రావాలి. ఫైలు తెరుచుకుంటే, అది సరిచేశాకే ఇంటికి వెళ్ళండి.

ఆ చెల్లెలు చెప్పింది కాబట్టి నాకు తెలిసింది. ఆమె కంటే ముందు ఎవరెవరు చూశారో తెలుసుకుందామంటే పాత లాగ్‌లు అప్పటికే చెరిగిపోయాయి. ఆమెకు ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. మీకు ఆ పరిస్థితి రాకూడదు. ఈ రాత్రే మీ సైటు తెరిచి చూసుకోండి.