వేళ్లు బిగుసుకుంటే ఆలస్యం వద్దు

సిరిసిల్లలో మరమగ్గం మీద తెగిన పోగు అతకాలన్నా, కోరుట్ల, జగిత్యాలల్లో బీడీ చుట్టాలన్నా వేళ్లే ఆధారం. పొద్దున లేవగానే ఆ వేళ్లు బిగుసుకుపోయి, గంటైనా సడలకపోతే? రెండు చేతుల కీళ్లూ వాస్తే? పని అలసటే అనుకోకండి. అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు.

ఈ జబ్బులో మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద దాడి చేస్తుంది. సాధారణంగా మొదట ఇచ్చే మందు మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మళ్లీ చెబుతున్నా, రోజూ కాదు, వారానికి ఒక్కసారే.

దానితో వాపు తగ్గకపోతే యాంటీబాడీ మందులున్నాయి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, రిటుక్సిమాబ్ అలాంటివే. వీటిని ఆసుపత్రిలో సెలైన్ లాగా నరానికి ఎక్కిస్తారు. ఇవి జబ్బును అదుపు చేస్తాయి, పూర్తిగా తుడిచేయవు. ఎక్కించేముందు క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోవాలి. లేదంటే ఒంట్లో దాగి ఉన్న ఆ జబ్బులు పైకి రావచ్చు. జ్వరం, దగ్గు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.

హైదరాబాద్ నిమ్స్‌ ఆసుపత్రిలో ఇలాంటి కీళ్ల జబ్బులకు రుమటాలజీ విభాగం ఉంది. జబ్బు ముదిరి వంకరపోయిన వేలును మందు తిన్నగా చేయలేదు. వంకరపోకముందే కాపాడగలదు. అందుకే వాపు తగ్గకపోతే వెంటనే డాక్టరుకు చూపించుకోండి.