బీ-ఫారం రాని ఎమ్మెల్యే

ఇన్నేళ్లు రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పినా, మాణికేశ్వర్ నగర్‌లో మైకు పట్టుకోవాలంటే నాకు కాస్త బెరుకే. క్లాసులో పిల్లలు అటెండెన్సు కోసమైనా ఊరుకుంటారు. ఈ వడ్డెర బస్తీలో ఆ మొహమాటం లేదు. "ఇదంతా మాకేం పనికొస్తది సారూ?" అని ముఖం మీదే అడుగుతారు. కాబట్టి సూటిగా విషయానికొస్తాను.

గద్దె మీదున్న ఎమ్మెల్యేకు సొంత పార్టీయే టికెట్ ఇవ్వకపోతే, ఆయన ఇండిపెండెంటుగా నిలబడితే ఏమవుతుంది?

అమెరికాలో ఈ పంచాయితీ ఓటర్ల ముందే తేలుతుంది. పార్టీ అభ్యర్థి ఎవరన్నది తేల్చడానికే ముందుగా ఒక ఎన్నిక పెడతారు. 2006 ఆగస్టులో కనెక్టికట్ సెనేటర్ జో లీబర్మన్ అలాంటి ఎన్నికలో ఓడి, విడిగా నిలబడి నవంబరులో గెలిచారు. 2010లో అలాస్కా సెనేటర్ లీసా మర్కోవ్‌స్కీది ఇంకా విచిత్రం. బ్యాలెట్ మీద పేరే లేదు. ఓటర్లు ఆమె పేరును చేత్తో రాసి గెలిపించారు. స్పెల్లింగు తప్పు రాసిన ఓట్లు చెల్లుతాయా అని కోర్టుకెక్కారు కూడా. అక్కడ చాలా రాష్ట్రాల్లో, పార్టీ ఎన్నికలో ఓడినవాడి పేరు అసలు ఎన్నికలో బ్యాలెట్ మీదికి రాకుండా చట్టాలున్నాయి.

మన దగ్గర ఆ అడ్డం లేదు, ఆ ఎన్నికా లేదు. ఓ ప్రెస్ మీట్ పెడతారు, లిస్టు చదువుతారు. 2018 సెప్టెంబరు 6న అసెంబ్లీ రద్దు చేసిన రోజే కేసీఆర్ 105 పేర్లు చదివారు. 2023 ఆగస్టు 21న 115 పేర్లు. ఆ రెండోసారి పక్కనే ఉప్పల్ సిట్టింగు పేరు లిస్టులో లేదు. తన పేరు ఉందో లేదో ఎమ్మెల్యే కూడా మనలాగే టీవీలో చూసి తెలుసుకోవాలి.

ఆ తర్వాత నడిచేదంతా, మా అభ్యర్థి ఫలానా అని పార్టీ రాసిచ్చే బీ-ఫారం చుట్టూనే. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల లోపు ఆ కాగితం రిటర్నింగ్ ఆఫీసరు చేతికి అందాలి. గుర్తింపు పొందిన పార్టీ బీ-ఫారం ఉన్నవాణ్ని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. లేనివాడికి పదిమంది సంతకాలు కావాలి. అది పెద్ద కష్టం కాదు లెండి. అసలు కష్టం గుర్తుతో వస్తుంది. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాక గానీ ఇండిపెండెంటుకు గుర్తు దక్కదు. అప్పటికి మిగిలేది రెండు వారాలు. ఈవీఎం మీద గుర్తింపు పొందిన పార్టీలు పైన, రిజిస్టరైన చిన్న పార్టీలు ఆ తర్వాత, ఇండిపెండెంట్లు అందరికంటే అడుగున. ఒక యూనిట్‌లో 16 బటన్లే కాబట్టి మనవాడు రెండో యూనిట్‌లోకి జారినా జారవచ్చు.

నేను ఓసారి పోలింగ్ డ్యూటీలో ఉన్నాను. అప్పటికి ఈవీఎం మీద ఫొటోలు రాలేదు. ఓ ముసలాయన లోపలికొచ్చి, సిరా పెట్టించుకోవడానికి చెయ్యి చాపాడు. అరచేతిలో బాల్‌పెన్నుతో 11 అని రాసుంది, చెమటకు సగం చెదిరిపోయింది. అది 11 అవునో 17 అవునో అని ఆయన నా వంక చూస్తాడు, నేను నోరు విప్పకూడదు. ఇండిపెండెంటు పోటీ అంటే నాకు ఇప్పటికీ ఆ అరచెయ్యే గుర్తొస్తుంది.

ఇన్ని అడ్డంకులు దాటి గెలిచినవాళ్లూ ఉన్నారు. 1999లో కొల్లాపూర్‌లో కాంగ్రెస్ తరఫున గెలిచిన జూపల్లి కృష్ణారావు సంగతే తీసుకోండి. 2004లో కాంగ్రెస్, టీఆర్ఎస్ పొత్తు పెట్టుకుంటే ఆ సీటు టీఆర్ఎస్‌కు పోయింది. ఆయన ఇండిపెండెంటుగా దిగి గెలిచారు. 2009లో అదే కాంగ్రెస్ ఆయనకు పిలిచి టికెట్ ఇచ్చింది, మళ్లీ గెలిచారు.

ఎలా సాధ్యమైంది? మంచితనం, సానుభూతి అంటారు. ఉంటే ఉండొచ్చు. నా లెక్క వేరు. పైనుంచి బీ-ఫారం రాని ఎమ్మెల్యే, కింద బీ-ఫారాలు పంచినవాడే కదా! నియోజకవర్గంలో ఎంపీటీసీ, జడ్పీటీసీ, కౌన్సిలరు టికెట్లు సాధారణంగా ఆయన మాట మీదే వస్తాయి. పార్టీ తనను పక్కన పెట్టిన రోజున ఆ మనుషుల్లో ఎంతమంది తన వెంట నడుస్తారు, బూత్ బూత్‌కూ ఏజెంటుగా ఎవరు కూర్చుంటారు, ఆ 11 అంకెను ఇంటింటికీ ఎవరు మోస్తారు, అదీ లెక్క. తిరుగుబాటు నాయకుడు ఒక్కడు చేస్తే చాలదు, గ్రామ కమిటీలు చెయ్యాలి. 2020 మున్సిపల్ ఎన్నికల్లో ఇది బాగా కనిపించింది. అప్పటికి జూపల్లి కాంగ్రెస్ వదిలి టీఆర్ఎస్‌లో ఉన్నా ఆయన వర్గానికి బీ-ఫారాలు రాలేదు. వాళ్లు ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తు మీద దిగి, కొల్లాపూర్‌లో అధికార పార్టీకే గట్టి దెబ్బ కొట్టారు.

పేరున్నంత మాత్రాన ఇది జరగదు. 2018లో అందోలు టికెట్ పోయిన బాబూ మోహన్‌ను ఎరగని ఇల్లు తెలుగునాట ఉందా? ఆయన బీజేపీ గుర్తు మీద నిలబడి కూడా ఓడిపోయారు. మన ఆసిఫ్‌నగర్‌లో 2004లో దానం నాగేందర్ కాంగ్రెస్ టికెట్ రాక తెలుగుదేశంలోకి దూకి గెలిచారు. మళ్లీ కాంగ్రెస్‌లోకొచ్చి ఉపఎన్నికలో ఓడిపోయారు. ఒకసారి దూకితే మెచ్చుకున్న ఓటరు రెండోసారి విసుక్కున్నాడని నా అనుమానం.

గెలిచాక ఇంకో చిక్కుంది. ఇండిపెండెంటుగా గెలిచినవాడు ఆ తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోతుందని రాజ్యాంగం పదో షెడ్యూలు స్పష్టంగా చెబుతుంది. 2018లో వైరాలో సీటు పొత్తులో సీపీఐకి పోతే, కాంగ్రెస్ రెబెల్‌గా గెలిచిన రాములు నాయక్ కొద్దిరోజులకే గులాబీ గూటికి చేరారు. సభ్యత్వం మాత్రం పోలేదు. తేల్చాల్సింది స్పీకరు, ఫలానా రోజుల్లో తేల్చాలని షెడ్యూల్లో లేదు. 2023లో వైరా టికెట్ బీఆర్ఎస్, అంటే పాత టీఆర్ఎస్, వేరేవాళ్లకిచ్చింది. రెబెల్‌గా వచ్చి సిట్టింగైనవాడికి మళ్లీ లిస్టులో పేరు లేదు!

కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే తమ్ముళ్లు ఎదురు చూస్తున్న పేరు ఇంకా చెప్పలేదు నేను. అదే కొల్లాపూర్‌లో 2023లో బర్రెలక్క, అంటే కర్నె శిరీష, విజిల్ గుర్తు మీద ఇండిపెండెంటుగా నిలబడింది. నోటిఫికేషన్లు రాని నిరుద్యోగుల తరఫున మాట్లాడింది. రాష్ట్రమంతా ఆమె వీడియోలే చూసింది. వచ్చిన ఓట్లు 5,754. మళ్లీ కాంగ్రెస్‌లోకొచ్చి గెలిచింది జూపల్లి. ఆయనకు 2004లో ఉన్నదీ, ఈ అమ్మాయికి లేనిదీ పంచిపెట్టిన బీ-ఫారాల లెక్కే. ఓటరు ఆమెను కాదన్నాడని నేను అనుకోను. బూత్ దగ్గర ఆమె నంబరు చెప్పే మనిషి లేడు, అంతే.

వెనక వరుసలో ఓ అక్క ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది. మైకు అటివ్వండి.