తదితరులు పాల్గొన్నారు

(సిద్దిపేటలో తల్లిదండ్రులు, యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

పార్కులు, మైదానాలు, పిల్లల ఆటల గురించి పత్రికలు ఏమి రాస్తున్నాయో, ఏమి రాయడం లేదో నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. మేము పాత్రికేయులం కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విరమించుకున్నవారము. అయితే వార్త పత్రికకు చేరకముందు ఏ బల్ల మీద తయారవుతుందో మాకు బాగా తెలుసు. చాలాకాలం ఆ బల్ల మాదే.

ఏదైనా ప్రారంభోత్సవం జరిగితే ఆ సాయంత్రమే ప్రెస్ నోట్ సిద్ధం కావాలి. మొదటి వాక్యంలో ముఖ్య అతిథి, రెండవ వాక్యంలో మంజూరైన నిధులు, మూడవ వాక్యంలో ‘ప్రజలు సద్వినియోగం చేసుకోవాలని సూచించారు’ అన్న మాట. ఆ తరువాత హోదాల క్రమంలో పేర్లు. ఆ వరుసలో ఒక్క పేరు ముందువెనుకలైనా మరునాడు ఉదయం మాకు ఫోను వచ్చేది. పేర్లన్నీ ముగిశాక చివర ‘తదితరులు పాల్గొన్నారు’ అని రాసి కాగితం పైకి పంపేవాళ్లం. పిల్లల కోసం నిర్మించిన పార్కులో, చేతుల్లో బెలూన్లు పట్టుకుని రెండు గంటలు ఎండలో నిలబడిన పిల్లలు ఎప్పుడూ ఆ ‘తదితరుల’లోనే ఉండేవారు. ఆ మాటను మేము స్వయంగా ఎన్నిసార్లు టైపు చేశామో లెక్క లేదు. ఈ విషయంలో ఇతరులను విమర్శించే ముందు ఈ మాట ఒప్పుకోవడం మా ధర్మం.

మన ఊరి సంగతే చూద్దాం. కోమటి చెరువు ఒకప్పుడు ఎలా ఉండేదో ఇక్కడి పెద్దలకు గుర్తే. ఇప్పుడు అక్కడ కట్ట మీద నడకదారి, వేలాడే వంతెన, పడవలు, రాత్రివేళ దీపాలు ఉన్నాయి. హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయేవారు రాజీవ్ రహదారి దిగి వచ్చి చూసిపోతున్నారు. ఇది మనందరికీ గర్వకారణమే, అందులో అనుమానం లేదు. పత్రికలు ఆ దీపాలను, వంతెనను, నిధులను ఎన్నోసార్లు చూపించాయి. అయితే సాయంత్రం వేళ ఆ కట్ట మీదికి ఎవరు వస్తున్నారు, ఎవరు రాలేకపోతున్నారు, ఊరి అవతలి కొసన ఉన్న బస్తీ పిల్లవాడు ఆటో ఛార్జీ పెట్టుకుని రాగలడా అన్న సంగతి మాకు ఎక్కడా కనిపించలేదు. 2022 జూన్‌లో రాష్ట్ర ఆవిర్భావ దినాన తెలంగాణ క్రీడా ప్రాంగణాలు ప్రారంభమైనప్పుడూ ఇదే జరిగింది. బోర్డు ఫోటో వచ్చింది. ఆరు నెలల తరువాత ఆ బోర్డు కింద గడ్డి ఎంత ఎత్తు పెరిగిందో చూడడానికి మళ్లీ వెళ్లిన విలేకరులు తక్కువ. వారిని పూర్తిగా తప్పుపట్టలేము. మండల విలేకరికి వచ్చేది అరకొర భత్యం, పైగా ప్రకటనలు తెచ్చే బాధ్యత. గడ్డి మీద వార్త రాస్తే ప్రకటన రాదు.

మన పిల్లల విషయానికి వస్తే ‘తదితరుల’లో నుంచి వారు బయటికి వచ్చే సందర్భాలు రెండే కనిపిస్తాయి. ఒకటి పతకం, రెండవది పోలీసు కేసు. ఆ రెండింటికీ మధ్య ఉన్న పదేళ్ల చెమటకు చోటు లేదు.

నిఖత్ జరీన్‌నే తీసుకోండి. నిజామాబాదు కలెక్టరేట్ మైదానంలో పరుగు పందేలతో మొదలైన అమ్మాయి. అన్ని ఆటల్లో ఆడపిల్లలు ఉండి, బాక్సింగులో మాత్రం ఎందుకు లేరని తండ్రిని అడిగింది. తానూ ఆటగాడైన ఆ తండ్రి, లోకం ఏమంటుందో అని ఆగకుండా బిడ్డ చేయి పట్టుకుని తీసుకుపోయాడు. 2011లో యువ ప్రపంచ విజేత అయింది. ఆ తరువాత భుజానికి గాయమైంది, పేరు మరుగునపడింది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ స్వర్ణాలు గెలిచింది. 2011కూ 2022కూ మధ్య పదకొండేళ్లు. గెలిచిన తరువాత ఆమెను అడిగిన ప్రశ్నలలో హిజాబు కూడా ఉంది. వస్త్రధారణ ఎవరి ఇష్టం వారిదని, తాను ఒక సముదాయానికి కాదు, దేశానికి ప్రాతినిధ్యం వహిస్తున్నానని ఆమె హుందాగా చెప్పింది. సమాధానం గొప్పది. కానీ మేము వినాలనుకున్న ప్రశ్న వేరు. నిజామాబాదులో ఆ మైదానం గేటు ఉదయం ఎన్ని గంటలకు తెరిచేవారు? ఆడపిల్లకు అక్కడ దుస్తులు మార్చుకునే గది ఉండేదా? ఆ జవాబు దొరికితే సిద్దిపేటలోని ఒక తండ్రికి పనికివచ్చేది.

మహమ్మద్ సిరాజ్ గురించి ‘ఆటోడ్రైవరు కొడుకు’ అన్న మాట వినని తెలుగువారు లేరు. 2024లో క్రికెట్ బోర్డు విడుదల చేసిన ఒక వీడియోలో అతను, హైదరాబాదులో దిగగానే ముందు ఇంటికి, అక్కడి నుంచి నేరుగా ఈద్గా మైదానానికి పోతానని, అక్కడ దొరికే ప్రశాంతత ప్రపంచంలో మరెక్కడా దొరకదని చెప్పాడు. క్యాటరింగ్ పనికి పోయి రుమాలీ రోటీ తిప్పుతూ చేతులు కాల్చుకున్న రోజులను కూడా తలచుకున్నాడు. చేతులు కాలిన సంగతి అందరూ రాశారు. ఈద్గా మైదానాన్ని మాత్రం ఒక్క వాక్యంలో దాటిపోయారు. ఏడాదికి రెండు పండుగల నమాజుకు నిండే ఆ నేల, మిగిలిన రోజులలో ఒక బస్తీకి ఆటస్థలం కావడం కథ కాదా? మన ఊళ్లలో ఈద్గాలకు తాళాలు వేసే కమిటీ పెద్దలు ఆ వీడియో చూస్తే బాగుండును. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు.

సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ సంగతి ఇంకా విచిత్రం. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. జకార్తా స్వర్ణం తరువాత ఏడాది తిరగకుండానే, 1963లో క్యాన్సర్‌తో ఆయన మరణించారు. ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చింది. ఆ సినిమా చూసివచ్చిన మా మనుమడు, ‘నానా, ఈయన నిజంగా ఉన్నాడా?’ అని అడిగాడు. బిడ్డకు ఆ ప్రశ్న రావడంలో తప్పు వాడిది కాదు. చెప్పని మాకే సిగ్గు వేసింది.

ఇక మన మొహల్లా దగ్గరికి వద్దాం. మీలో చాలామందికి తెలిసిన విషయమే అయినా, తెలియనివారి కోసం చెబుతున్నాము. మన ఇళ్ల వెనుక ఒక ఖాళీ స్థలం ఉంది. లేఅవుట్ వేసినప్పుడు వదిలిన జాగా. మన పిల్లలు ఏళ్లుగా అక్కడ ఆడుతున్నారు. కొంతకాలం క్రితం ఒక పత్రిక జిల్లా పేజీలో ఆ స్థలం పోకిరీల అడ్డాగా మారిందని వార్త వచ్చింది. ఫోటోలో మన పిల్లలు ఉన్నారు, చేతిలో బ్యాటుతో. వార్తలో వారి మాట ఒక్కటి లేదు, వారి తల్లిదండ్రుల మాట లేదు. మూడవ రోజు గేటుకు తాళం పడింది. ఆ ఫోటోలో ఉన్న ఒక కుర్రవాడు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు చదువుతున్నవాడు. ఆ కాగితం ముక్క ఫోన్లలో తిరిగి తిరిగి, వాడి మేనమామ దుబాయి నుంచి ఫోను చేసి ఏమి తప్పు చేశావని అడిగేదాకా పోయింది.

యువకులు కోపంతో ఆ విలేకరి ఇంటికి పోదామన్నారు. మేము వద్దన్నాము. గుమాస్తా బుద్ధి అనుకోండి, ముందు కాగితం కావాలన్నాము. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు పెట్టాము. ‘ఆ స్థలం ఎవరిది’ అని అడిగితే నెలల తరబడి తిప్పుతారు. అందుకే ‘ఆమోదిత లేఅవుట్ నకలు, సర్వే నంబరుతో సహా’ అని అడిగాము. ముప్పై రోజుల గడువులో వచ్చింది. నకలులో ఆ జాగా మీద ‘పార్కు’ అని స్పష్టంగా రాసి ఉంది. లేఅవుట్ వేసినవారు పదవ వంతు నేలను ఉమ్మడి అవసరాలకు వదలాలన్నది నిబంధన, ఎవరి దయా కాదు. పార్కుకు వదిలిన జాగాను ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది. బిడ్డకు ఆడుకునే హక్కు ఉందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం అంటుంది. మన దేశం 1992లో అందులో చేరింది. చదువు, ఉద్యోగాల లెక్కలు మనకు కంఠతా వచ్చు, ఈ అధికరణం మాత్రం మేము కూడా అరవై దాటాకే చదివాము.

కాగితంతో పాటు ఇంకొకటి కావాలనిపించింది. ఆ స్థలంలో నిజంగా ఏమి జరుగుతుందో మనమే రాసుకోవాలి. గేటు తాళం తీసినప్పుడల్లా గోడ దూకకుండా లోపలికి ఎవరు వస్తున్నారు, ఎన్ని గంటలకు, ఏ ఆట, ఏమి లోటు అని ఒక రెండు వందల పేజీల నోటుబుక్కులో పద్నాలుగు రోజులు రాశాము. మేము ఇద్దరు విశ్రాంత ఉద్యోగులం, ముగ్గురు విద్యార్థులు వంతులు వేసుకున్నాము. మన పిల్లలు మంచివారని నిరూపించడమే మా ఉద్దేశం. అది నిరూపణ అయింది కూడా. గొడవ లేదు, సిగరెట్ లేదు, బంతి పోయి కిటికీ అద్దం పగిలితే చందా వేసుకుని కట్టిచ్చారు.

కాని ఆ పుస్తకంలో మేము అనుకోనిది ఇంకొకటి తేలింది. మధ్యాహ్నం మూడు, మూడున్నరకు ఆడపిల్లలు వచ్చేవారు. ఇంట్లో తల్లి బీడీల చాట ముందు కూర్చుని ఉంటే, చిన్న తమ్ముణ్ణి చంకన వేసుకుని వచ్చేవారు కొందరు. తాడాట, తొక్కుడుబిళ్ల ఆడేవారు. నాలుగున్నరకు క్రికెట్ మూక వచ్చేది. అయిదు నిమిషాలలో ఆడపిల్లలు ఉండేవారు కారు. ఎవరూ గదమాయించలేదు, పొమ్మని అనలేదు. వికెట్లు నాటేవారు, అంతే. పద్నాలుగు రోజులూ అదే వరుస. ఒక పేజీలో మా విద్యార్థి ‘ఆడపిల్లలు వెళ్లిపోయారు’ అని రాసి, మరునాడు ‘నిన్నటి లాగే’ అని రాశాడు. పత్రిక మన పిల్లలను తదితరులుగా చూపిందని మండిపడిన మనమే, మన ఇంటి ఆడపిల్లలను మన మైదానంలో తదితరులను చేశాము.

ఆ పేజీలు బయటికి ఇవ్వాలా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. ‘ముందే మన మీద నిందలు, ఇప్పుడు మనమే ఇంకొకటి అందిస్తామా? ముస్లింలు ఆడపిల్లలను ఆడనివ్వరని రేపు రాస్తారు’ అని ఒక పెద్దమనిషి అన్నారు. ఆ భయం అర్థంలేనిది కాదు. 2021లో పాకిస్తాన్ చేతిలో ఒక మ్యాచ్ ఓడగానే మహమ్మద్ షమీని ఏమేమి అన్నారో మనం చూశాము. ఒకరి తప్పు మనందరి ఖాతాలో పడుతుంది. అయినా సగం పుస్తకం ఇస్తే అది కూడా మేము టైపు చేసిన ప్రెస్ నోట్ వంటిదే అవుతుందని మేము వాదించాము. చివరకు పూర్తి పుస్తకం, లేఅవుట్ నకలు కలిపి వేరొక పత్రిక విలేకరికి ఇచ్చాము. పిల్లల ముఖాలు కనబడే ఫోటోలు, ఆడపిల్లల పేర్లు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వేయరాదని షరతు పెట్టాము. ఆయన మాట తప్పలేదు. అర కాలమ్ వార్త వచ్చింది. అందులో నాలుగున్నర గంటల సంగతి ఉంది. బస్తీలో మహిళలు అదే చోట కూరగాయలు, బట్టలారేసే తీగల గురించి కూడా చెప్పారట, అదీ ఉంది. మేము భయపడినట్లు ఎవరూ దానిని మతం దగ్గరికి తీసుకుపోలేదు. ‘మా వీధిలోనూ ఇంతే’ అని పక్క కాలనీ హిందూ సోదరి ఒకరు మాకు చెప్పారు.

తాళం ఇప్పుడు ఉదయం, సాయంత్రం తీస్తున్నారు. సాయంత్రం అయిదున్నర వరకు స్థలం ఆడపిల్లలది, చిన్నపిల్లలది అని యువకులతోనే ఒప్పందం చేసుకున్నాము. నిజం చెప్పాలంటే మొదటి నెల బాగా నడిచింది. సెలవులు వచ్చాక సడలింది. టోర్నమెంటు ఉందని రెండు వారాలు పూర్తిగా పోయింది. చీకటి త్వరగా పడే నెలలలో అయిదున్నర తరువాత మగపిల్లలకు వెలుతురు మిగలదన్నది వారి వాదన. అది సహేతుకమైన వాదనే. అందుకే రెండు దీపాల స్తంభాలు, ఒక నీటి కుళాయి, దుస్తులు మార్చుకునే చిన్న గది కోరుతూ మునిసిపల్ కమిషనర్ గారికి దరఖాస్తు తయారుచేశాము.

దాని ప్రతి ఇక్కడ బల్ల మీద ఉంది, చదివి తప్పులుంటే దిద్దండి. తండ్రుల సంతకాలు చాలావరకు అయ్యాయి. తల్లుల సంతకాలకు రెండవ పేజీ ఖాళీగా ఉంచాము. నోటుబుక్కును ఇప్పుడు పదవ తరగతి చదివే ఒక అమ్మాయి రాస్తోంది. ఆమెకు తోడుగా మంగళ, శుక్రవారాలలో ఇంకొకరు కావాలి. మూడు గంటలకు వచ్చి చీకటి పడేదాకా ఉండగలిగినవారు సభ ముగిశాక మా దగ్గర పేరు ఇవ్వగలరు.