మంత్రవిద్య - క్రైస్తవ దృష్టి

సోదె చెప్పించుకొనుట, మృతులను పలికింపజూచుట తగదని ద్వితీయోపదేశకాండము నిషేధించుచున్నది. ఎఫెసు పట్టణమున క్రీస్తును విశ్వసించిన వారిలో మంత్రవిద్య నభ్యసించినవారు పెక్కురు 50,000 వెండి నాణెముల విలువగల తమ గ్రంథములను తామే తగులబెట్టిరని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. వారు కాల్చినది తమ పుస్తకములనే, ఇతరులను కాదు.

ఈ భేదమును తరువాతి క్రైస్తవులు కొందరు మరచిరి. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రప్రయోగము చేసిరను నేరముపై 19 మందిని ఉరితీసిరి. నిందితుల ఛాయారూపము తమ్ము పీడించెనని చెప్పిన మాటను సైతము న్యాయస్థానము సాక్ష్యముగా గ్రహించెను. తీర్పరులలో ఒకరగు సామ్యూల్ సూయెల్ 1697లో బోస్టను దేవాలయమున సంఘము నెదుట లేచి నిలువగా, ఆయన పశ్చాత్తాప పత్రమును బోధకుడు చదివి వినిపించెను. ఆ నిందయు, సిగ్గును తనవేయని ఆయన అందు ఒప్పుకొనెను.

మన తెలుగునాటను చేతబడి, బాణామతి యను అనుమానముతో నిరపరాధులను హింసించిన ఉదంతములు కలవు. ఇంట బిడ్డకు జ్వరము తగులగా, పొరుగింటి ముసలమ్మను చూపి ఎవరేని గుసగుసలాడినచో మనమేమి చేయుదుము? బిడ్డను వైద్యునికి చూపుదము. ఆ ముసలమ్మ గడప యొద్ద మనమే కావలి నిలుతము. దేవుని నమ్మినవారికి చేతబడి భయమేల?