తల్లి ఇచ్చే రక్ష

వైద్య విజ్ఞానాన్ని తెలుగులో రాస్తున్న మీ మధ్య నన్ను అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఈరోజు ఒకే ఒక్క సూక్ష్మజీవి గురించి మాట్లాడతాను.

పాడి రైతులకు పొదుగువాపు తెలుసు. దాన్ని తెచ్చే క్రిముల్లో ఒకదానికి ‘పాలు లేకుండా చేసేది’ అన్న అర్థంలో స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే అని పేరుపెట్టారు. 1930లలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త రెబెకా లాన్స్‌ఫీల్డ్ చేసిన వర్గీకరణలో ఇది బి గ్రూపులో చేరింది. నెత్తురు కలిపిన అగర్ పళ్లెంలో బూడిదరంగు చుక్కల్లా పెరుగుతుంది. ప్రతి చుక్క చుట్టూ నెత్తురు కరిగి సన్నని తేట వలయం కనిపిస్తుంది. పశువుల జబ్బుగా పేరుపడ్డ ఈ క్రిమి 1970ల నాటికి అమెరికాలో పసికందుల ప్రాణాలు తీసేవాటిలో ముందు వరుసకు వచ్చింది.

ప్రపంచంలో దాదాపు ఐదుగురు గర్భిణుల్లో ఒకరి ఒంట్లో ఇది ఉంటుంది. నొప్పి ఉండదు, జ్వరం రాదు. కాన్పు సమయంలో బిడ్డకు సోకినా ఎక్కువమంది పిల్లలు క్షేమంగానే ఉంటారు. మరి కొందరే ఎందుకు జబ్బుపడతారు? 1976లో పరిశోధకులు కరోల్ బేకర్, డెనిస్ కాస్పర్ దీనికి జవాబు చూపారు. జబ్బుపడ్డ బిడ్డల తల్లుల రక్తంలో ఈ క్రిమిని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు బాగా తక్కువ. అవి ఉన్న తల్లి, మాయ గుండా వాటిని బిడ్డకు ముందే పంపుతుంది. క్రిమి దాటే ఒంటి నుంచే రక్ష కూడా దాటుతుంది.

1986లో షికాగోలో బోయర్, గోటాఫ్ నొప్పులు పడుతున్న తల్లికి యాంటీబయాటిక్ ఇస్తే బిడ్డను కాపాడవచ్చని నిరూపించారు. అమెరికాలో 2002 నుంచి గర్భిణులందరికీ ఈ క్రిమి ఉందో లేదో పరీక్ష చేయాలన్నారు. 1990లో వెయ్యి కాన్పులకు 1.8గా ఉన్న తొలివారపు జబ్బు 2015కల్లా 0.23కు దిగింది. వారం దాటాక వచ్చే జబ్బును మాత్రం ఆ మందు ఆపలేదు. అందుకే గర్భిణికి టీకా వేసి ఆ ప్రతిరక్షకాలనే పెంచాలని దక్షిణాఫ్రికాలో ప్రయోగాలు చేశారు.

మన దేశం సంగతి వేరు. ఢిల్లీలో మూడు ఆసుపత్రుల్లో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో పసికందుల రక్తంలో ఎక్కువగా కనిపించినవాటిలో ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ.కోలై అనే వేరే క్రిములు ఉన్నాయి. వాటిలో చాలావి మందులకు లొంగలేదు. ఇలాంటి క్రిములు ఆసుపత్రి చేతుల నుంచీ, పరికరాల నుంచీ కూడా సోకుతాయి. కాబట్టి మనకు తల్లుల పరీక్షతోపాటు కాన్పు గది శుభ్రత కూడా అంతే ముఖ్యం.

బిడ్డ పోతే ‘తల్లి దోషం’ అనే మాట మన ఇళ్లలో ఇంకా వినబడుతోంది. తనకే తెలియని క్రిమికి ఆమెను దోషిని చేయడం అన్యాయం. మిత్రులారా, ఈ సంగతి బాలింతకు, అత్తగారికి, ఆశా కార్యకర్తకు అర్థమయ్యే తెలుగులో రాయండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఆయాసపడినా, ఒళ్లు చల్లబడినా, వాడిపోయినట్టున్నా తెల్లారేదాకా ఆగవద్దని రాయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి. సెలవు.